అధ్యాహారం

మా ఆవిడ పోయిన మూడో రోజున ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. గంటన్నర సాగిన ఆ కూడికలో ఏడుగురు మాట్లాడారు. నేను ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తెలుగు పండితుడిగా ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన అలవాటు ఎక్కడికి పోతుంది? ఎవరు ఏ కారణం చెబుతున్నారో మనసులో వరుసగా రాసుకుంటూ వచ్చాను.

ఒకాయన, దేవుడు ఆమెను కొలిమిలో వేసి బంగారంలా శుద్ధి చేశాడన్నారు. ఇంకొకాయన, ఆమె ఐదేళ్ల శ్రమంతా నా కోసమేననీ, నన్ను ప్రభువుకు దగ్గర చేయడానికేననీ చెప్పారు. (ఆ ఐదేళ్లలో నేను దూరమైనంతగా జన్మలో ఎప్పుడూ కాలేదు. పాపం, ఆయనకు తెలియదు.) తోటమాలి అందమైన పువ్వునే ముందుగా కోసుకుంటాడని మూడో ఆయన సెలవిచ్చారు. ఈ పోలికను ఇప్పటికి ఎన్ని సమాధుల దగ్గర విన్నానో లెక్క లేదు. పరలోకంలో ఆమెకు ఏదో పని అప్పగించవలసి వచ్చిందని ఒక సిస్టర్ అన్నారు. మిగిలిన ముగ్గురూ ఈ నాలుగింటినే అటూ ఇటూ కలిపి చెప్పారు.

వాళ్ల ప్రేమను నేను శంకించడం లేదు. జూలై ఉక్కలో పనులు మానుకుని వచ్చారు. చివర్లో అన్నం వడ్డించిందీ, గిన్నెలు కడిగిందీ, షామియానా విప్పి బండికెత్తించిందీ వాళ్లే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టనంత కోపం వచ్చింది. ఏడుగురూ కలిసి నాలుగు కారణాలు తెచ్చారు గానీ, వాటిలో ఒక్కటైనా ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. నేను క్రైస్తవుడినే, ఇప్పటికీ ఆదివారం గుడికి వెళుతున్నాను. బాధకు ప్రయోజనం ఉండదని వాదించడానికి ఇది రాయడం లేదు. ఆ ప్రయోజనం ఏమిటో ఎవరు చెప్పాలి, ఎవరు చెప్పకూడదు అన్నదే నా తగాదా.

*

2018లో ఆమె కాళ్లకు నీరు దిగడం మొదలైంది. పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం మానేశాయన్నారు. ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ చేశారు. దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు ఆనిస్తే లోపల పిల్లి గుర్రుమంటున్నట్టు సన్నగా అదురుతుంది. ఆ అదురు ఉంటే అది పనిచేస్తున్నట్టు. పొద్దున లేవగానే ఆమె చేయి పట్టుకుని అదురు ఉందో లేదో చూడడం నా వంతు పని. పెళ్లయిన ముప్పై ఏళ్లలో అంత క్రమం తప్పకుండా ఆమె చేయి పట్టుకున్నది ఆ ఐదేళ్లే.

మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. ఖర్చు ఆరోగ్యశ్రీ భరించింది. సూదులు, యంత్రం, ఆఖర్లో కండరాలు పట్టేయడం, ఇవన్నీ ఆమె ఓర్చుకోగలిగింది. ఓర్చుకోలేకపోయింది దాహాన్ని. మూత్రం రాదు కనుక తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. అందుకని రోజుకు ఇంత అని కొలత పెడతారు. ఆ కొలతలోనే మజ్జిగ, చారు, మాత్ర మింగడానికి పోసుకునే గుక్కెడు నీళ్లు, అన్నీ ఇమడాలి.

కడపలో మే నెల ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ఈ కష్టం చెప్పినా అర్థం కాదు. మా ఇంట్లో నేలంతా నల్ల కడప బండలు. పగలు తాగిన ఎండను ఆ బండలు రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటాయి. ఆమె 150 మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకుంది. రోజుకు ఐదు గ్లాసులు. ఒక్కొక్కటి తాగాక గోడ మీది క్యాలెండరులో ఒక సున్నా చుట్టేది. మధ్యాహ్నం మూడింటికే ఐదు సున్నాలూ నిండిపోయిన రోజున ఆ ఇంట్లో ఇంకెవరూ నీళ్లు తాగలేరు. నేను పెరట్లోకి వెళ్లి, కుళాయి చప్పుడు కాకుండా తిప్పి, దొంగలా తాగి వచ్చేవాడిని.

2019లో బంధువుల బలవంతం మీద ఆమెను ఒక స్వస్థత కూడికకు తీసుకెళ్లాం. వేదిక మీది పెద్దమనిషి నూనె రాసి, తల మీద చేయి పెట్టి, ఇక యంత్రంతో పని లేదు, విశ్వాసంతో నడువమ్మా అన్నాడు. ఆ శనివారం ఆమె డయాలసిస్‌కు వెళ్లనంది. సోమవారం రాత్రి ఒంటిగంటకు ఊపిరి అందక ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. తర్వాత ఆ కూడికవాళ్లకు ఫోను చేస్తే, లోపల ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుందన్నారు.

నాకు కోపం వచ్చి మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. దాదాపు నెల రోజులు రాత్రిళ్లు మంచం మీద కూర్చుని తన పాపాలు వెతుక్కుంది. చిన్నప్పుడు కొడుకును కట్టెతో కొట్టిన సంగతి, మా అమ్మతో రెండేళ్లు సరిగా మాట్లాడకపోవడం, పెళ్లికి ముందు ఒక స్నేహితురాలి గాజులు తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం. ఆ గాజుల సంగతి చెప్పి ఏడ్చినప్పుడు, కారణం వెతకడం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో నేను చూశాను. కిడ్నీ జబ్బు ఆమె రక్తాన్ని మాత్రమే పాడుచేసింది. ఈ వెతుకులాట ఆమె జ్ఞాపకాలను కూడా పాడుచేసింది.

*

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి.

పద్యం ఇచ్చినప్పుడు పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ముందు పదవిభాగం చేయండి, తర్వాత అన్వయం, భావం ఆఖరున. క్రియ కనబడలేదని కంగారుపడి మీ సొంత క్రియ తగిలించవద్దు. కవి పలకకుండా వదిలిన మాటను చదువరి తెచ్చి పూరించుకోవడాన్ని అధ్యాహారం అంటారు. అది తప్పు కాదు, చాలా చోట్ల అవసరం కూడా. కానీ తెచ్చిన మాట కవిది కాదు, మనది. ఆ సంగతి మరిచిపోయిన రోజున మన అభిప్రాయాన్ని కవి నోట్లో పెట్టేస్తాం.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసు, శిష్యులు దారిన పోతూ పుట్టుగుడ్డిని చూస్తారు. ఇతడు గుడ్డివాడిగా పుట్టడానికి ఎవరు పాపం చేశారు, ఇతడా, ఇతడి తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. పుట్టకముందే ఇతడు పాపం ఎలా చేస్తాడు? నాతో పనిచేసిన సంస్కృతం మాస్టారు ఈ ప్రశ్న వినగానే నవ్వి, ఇది మా పూర్వజన్మ కర్మే కదా సార్, మీ పుస్తకంలోకి ఎలా వచ్చింది అన్నాడు. దానికి యేసు చెప్పిన జవాబు మన తెలుగు బైబిలులో ఇలా ఉంటుంది: ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు గాని, దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను.’

చిన్నప్పటి నుంచీ ఈ వాక్యం నన్ను గుచ్చుతూనే ఉంది. ఒక అద్భుతం చూపించడానికి ఒక మనిషిని ఇన్నేళ్లు చీకట్లో ఉంచాడా? పాపానికి శిక్ష అన్నదానికన్నా ఇది ఎక్కువ అన్యాయం కదా?

గ్రీకు నాకు రాదు. వేదాంత కళాశాలలో చదివిన మా తోడల్లుడిని పట్టుకున్నాను. ఆయన చూపించిన సంగతి విని నా వృత్తి మీద నాకే ముచ్చట వేసింది. ‘వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను’ అన్న చివరి మాటలు మూలంలో లేవు! ‘దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకు’ అన్నంత వరకే ఉంది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో కూడా ఆ మాటలు లేవు, వాక్యం సగంలో తెగినట్టే ఉంటుంది. సమాపక క్రియ లేకపోతే తెలుగు వాక్యం కాలు కుంటుతుంది కనుక మన అనువాదకులు అధ్యాహారం చేశారు.

ప్రాచీన గ్రీకు ప్రతుల్లో మాటకూ మాటకూ ఎడం గానీ, ఇప్పటిలాంటి విరామ చిహ్నాలు గానీ ఉండవు. ఇది మనకు వింత కాదు. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి తాళపత్రం చూసినవాళ్లకు తెలుస్తుంది. గంటంతో గీసిన అక్షరాలు ఆకు ఈ కొస నుంచి ఆ కొస దాకా గుక్క తిప్పుకోకుండా పోతాయి. ఎక్కడ ఆగాలో చదివేవాడే తేల్చుకోవాలి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకుని ఒక్కో కావ్యానికి ప్రతుల మీద ప్రతులు పోల్చి చూసింది ఈ తంటా పడే. ఇక యోహానులో ఆ తర్వాతి వాక్యం చూడండి: ‘పగలున్నంతవరకు నన్ను పంపినవాని క్రియలు మనము చేయుచుండవలెను.’ చుక్క పెట్టే చోటు మార్చి ఈ రెండింటినీ కలిపితే ఇలా వస్తుంది. వీడూ పాపం చేయలేదు, కన్నవాళ్లూ చేయలేదు. దేవుని క్రియలు వీడియందు కనబడడానికి, పగలుండగానే నన్ను పంపినవాడి పనులు మనం చేస్తూ ఉండాలి.

అంటే, క్రియ ఉంది. అది గుడ్డితనానికి సంబంధించింది కాదు, మన చేతులకు సంబంధించింది.

న్యాయంగా ఎదుటి పక్షం కూడా చెప్పాలి. ఇలా చుక్క మార్చడాన్ని పండితులందరూ ఒప్పుకోరు. క్రియ మింగేసి వాక్యం నడపడం యోహాను శైలిలోనే ఉంది. మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను ఆ వెలుగు కాదు గాని దానిని గూర్చి సాక్ష్యమివ్వడానికి ‘వచ్చెను’ అన్నచోట కూడా ఆ క్రియ అనువాదకులు చేర్చిందే, అక్కడ దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కాబట్టి వ్యాకరణం పట్టుకుని గెలిచానని నేను అనను. చుక్క ఎక్కడ పెట్టినా ‘మనము చేయుచుండవలెను’ అన్న మాట మాత్రం చెరగదు. శిష్యులు గుడ్డివాడిని చూసి ఒక చర్చ మొదలుపెట్టారు. యేసు నేల మీద ఉమ్మివేసి, బురద చేసి, అతడి కళ్లకు రాసి, సిలోయం కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. చర్చ అక్కడితో సరి.

*

సిలోయం అన్న పేరు సువార్తల్లో ఇంకొక చోట కూడా వస్తుంది. లూకా పదమూడులో. అక్కడ ఒక గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగిలిన అందరికన్నా పాపాత్ములా అని యేసే అడిగి, కాదని తానే చెబుతాడు. మరి ఎందుకు కూలిందో మాత్రం చెప్పడు. మారుమనస్సు పొందండని వింటున్నవాళ్ల వైపే వేలు తిప్పుతాడు.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట వైపు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. కార్తీక పౌర్ణమి రోజు అది. ఆ తర్వాతి వారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగింది. వచ్చినవాళ్లలో ఒక సోదరుడు, ఇది విగ్రహారాధన మీద దేవుని తీర్పు అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు మధ్యాహ్నమే డయాలసిస్ నుంచి వచ్చి గోడకు తిరిగి పడుకున్న మా ఆవిడ, తల తిప్పకుండానే అడిగింది. “అన్నా, సిలోయం గోపురం కింద పడి 18 మంది చనిపోయారు కదా, వాళ్లు కూడా కార్తీక దీపాలు పెట్టారా?”

ఆయన ముఖం చూడవలసింది. కాసేపాగి ఆమే, టీ పెడతారు, తాగి వెళ్లండన్నా అంది.

ఆ శనివారం మా గుడి కుర్రవాళ్లతో కలిసి బియ్యం, దుప్పట్లు తీసుకుని నేనూ ఆ ఊళ్లకు వెళ్లాను. పొలాల మీద ఇసుక మేటలు, ఇళ్లలో మోకాలి లోతు బురద. కట్ట ఎందుకు తెగింది అన్నది అడగవలసిన ప్రశ్నే, గట్టిగా అడగవలసిన ప్రశ్న. కానీ దానికి జవాబు చెప్పవలసింది ఇంజనీర్లు, అధికారులు. ఆ ప్రశ్నను దేవుడి మీదికి నెట్టేస్తే వాళ్లు హాయిగా నిద్రపోతారు.

ఇదే మాట మా గుళ్లో వినే ప్రసంగాలకు కూడా వర్తిస్తుంది. మా పూర్వీకులది మాలపల్లె. 1876లో మొదలైన ధాత కరువు సంగతి మా నాయనమ్మ తన పెద్దల దగ్గర విన్నది మాకు చెప్పేది. 1871 నుంచి 1881కి ఒక్క కర్నూలు జిల్లాలోనే నాలుగో వంతు జనం తగ్గిపోయారంటే ఆ కరువు ఏ పాటిదో ఊహించుకోవచ్చు. ఆ కరువు తర్వాతే మావాళ్లు లండన్ మిషన్ గుడిలో చేరారు. గంజి కోసం మతం మారినవాళ్లని ఈనాటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మా నాయనమ్మకు ఆ ఎత్తిపొడుపు తగిలేది కాదు. ఊళ్లో అందరూ మా ఆకలికి కారణం చెప్పారు, మీ కర్మ అన్నారు, మిషన్‌వాళ్లు మాత్రం కారణం చెప్పకుండా గంజి పోశారు అనేది. ఆవిడ మనవళ్లమైన మేము ఇవాళ గుళ్లో కూర్చుని కర్మ అన్న మాట తీసేసి, అదే చోట పరీక్ష అన్న మాట పెట్టుకున్నాం. ఇది కూడా అధ్యాహారమే. కూలి ఎగ్గొట్టిన ఆసామి ముందు నోరెత్తని మనిషికి ‘శ్రమ ఓర్పును కలుగజేయును’ అని బోధిస్తే, ఆ వాక్యం వల్ల లాభం ఎవరికి?

జమ్మలమడుగులో ఆ మిషన్‌వాళ్లే పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలో మా అమ్మ ఆయాగా చేసింది. కాన్పు గది తుడిచేది, చనిపోయిన పసిబిడ్డలను కడిగి గుడ్డ చుట్టేది. దేవుడు ఇలా ఎందుకు చేస్తాడమ్మా అని ఒకసారి అడిగాను, అప్పుడు నేను ఎనిమిదో తరగతి. నీళ్లు కాగాయో లేదో చూసి రా అంది. చాలా ఏళ్లు అది నా ప్రశ్నను తప్పించుకోవడం అనుకున్నాను. వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా కొంతకాలం పనిచేసింది కూడా ఆ ఆసుపత్రిలోనే. 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చింది ఆయన ప్రభుత్వం. మా అమ్మ తుడిచిన వరండాలో నడిచిన మనిషి తెచ్చిన పథకం మా ఆవిడను ఐదేళ్లు బతికించింది కదా, ఇందులో దేవుని సంకల్పం కనబడడం లేదా అని మా తోడల్లుడు అడుగుతాడు. కాదని వాదించను. అవునని సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడను కూడా.

*

నొప్పిలో మేలు ఉంటుందని చెప్పడానికి మన ప్రసంగాల్లో తరచుగా వినిపించే ఉదాహరణ వేలూరు డాక్టరు పాల్ బ్రాండ్‌ది. కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు పాడైపోవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని చూపించిన శస్త్రవైద్యుడు ఆయన. నిప్పు కాలినా, ముల్లు దిగినా తెలియదు కనుక పుండు పడుతుంది. నొప్పి కావలిదారు. నిజమే, గొప్ప మాట. అయితే కావలిదారు దొంగ వచ్చినప్పుడు కేక వేయాలి. దొంగ ఇల్లంతా దోచుకుని పోయాక ఐదేళ్ల పాటు రాత్రంతా అరుస్తూ కూర్చునే కావలిదారుతో ఏమి చేసుకుంటాం? మా ఆవిడ ఒంటి దురదకు, రెండు గంటలకు లేచి కాళ్లు బండలకేసి రుద్దుకోవడానికి, ఏ ప్రయోజనమూ నాకు కనబడలేదు. కనబడిందని చెప్పేవాళ్లు ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకుని ఉంటే బాగుండేది.

అయినా ఆమె దగ్గర ఏదో దొరికింది. అది నేను దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

డయాలసిస్ గదిలో పక్క మంచానికి మైదుకూరు నుంచి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. కుట్టుపని చేసుకునే పిల్ల. రెండో వారానికే దాహం తట్టుకోలేక తాగేసి, మూడున్నర కిలోల బరువు పెరిగి వచ్చి, నర్సుతో చీవాట్లు తిని ఏడుస్తోంది. మా ఆవిడ నన్ను పిలిచి సంచీలోంచి తన స్టీలు గ్లాసు తీయించి ఆ అమ్మాయికి చూపించింది. కొలిచిన నీళ్లలోంచే కొన్ని గడ్డకట్టించి ముక్క చప్పరిస్తే ఎక్కువసేపు వస్తుందని, నోట్లో లవంగం పెట్టుకుంటే నాలుక అంటుకుపోదని, కూరగాయలు తరిగి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోశాకే వండాలని, ఉప్పు తగ్గిస్తే సగం దాహం తగ్గుతుందని చెప్పింది. మర్నాడు నేను వై.వి. వీధిలో పాత్రల దుకాణానికి వెళ్లి అలాంటిదే ఇంకొక గ్లాసు కొనవలసి వచ్చింది. ఆమె పోయేనాటికి అలాంటివి పదకొండు కొన్నాను.

అక్కా, ఈ పని కోసమే దేవుడు నిన్ను ఇక్కడికి పంపాడేమో అని ఎవరో అన్నారట. ఇంటికి వచ్చాక నాతో చెప్పి నవ్వింది. “గ్లాసులు పంచడానికి రెండు కిడ్నీలు తీసుకుంటాడా అండీ? అంత ఖరీదైన గ్లాసులు ఆయన చేయడు. జబ్బు వచ్చింది. వచ్చాక ఊరికే కూర్చోలేక ఇస్తున్నాను.”

ఈ ‘ఇస్తున్నాను’ దగ్గర నా వ్యాకరణం మళ్లీ పనికొచ్చింది. పౌలు రోమా పత్రికలో ‘శ్రమలయందును అతిశయపడుదము’ అన్నాడు. అతిశయపడుదము, ఉత్తమ పురుష. దెబ్బలు తిన్నవాడు, చెరసాలలు చూసినవాడు తన సంగతి, తనలాంటి వాళ్ల సంగతి చెప్పుకుంటున్నాడు. మా షామియానా కింద ఏడుగురూ మాట్లాడింది ప్రథమ పురుషలో, ఆమె గురించి. బాధపడినవాడు, ఇది నాకు ఇందుకు పనికొచ్చింది అంటే అది సాక్ష్యం. అదే మాట పక్కవాడు అంటే తీర్పు. మాటలు అవే కావచ్చు, నోరు మారితే అర్థం మారుతుంది. యాకోబు పత్రికలో మధ్యమ పురుష ఉంది కదా అని మా తోడల్లుడు అడ్డు తగిలాడు. శోధనలలో పడినప్పుడు అది మహానందమని ‘యెంచుకొనుడి’ అని. ఉంది. కానీ అక్కడ ‘కొను’ చూడండి. ఎవరికోసం వాళ్లు చేసుకునే పనికి తెలుగు తగిలించే మాట అది. వండడం వేరు, వండుకోవడం వేరు. ఇంకొకరి తరఫున నేను ఎంచిపెట్టడం కుదరదు.

2023 ఏప్రిల్ 7, శుభ శుక్రవారం. మా గుడిలో సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు పంచుకుని చెబుతారు. ఐదో మాట మా ఆవిడకు ఇచ్చారు. ‘నేను దప్పిగొనుచున్నాను.’ ఇచ్చినవాళ్లు ఆలోచించి ఇచ్చారో, జాబితాలో అలా పడిందో తెలియదు. ఆమె నిలబడలేక కుర్చీలో కూర్చునే నాలుగు నిమిషాలు మాట్లాడింది. రాసుకురాలేదు. నాకు గుర్తున్నంత వరకు ఇదీ.

ఈ మాటకు అయ్యగార్లు ఆత్మల కోసం దప్పిక అని అర్థం చెబుతారు, కావచ్చు. నాకు తెలిసింది నీళ్ల దప్పిక. అది ఎక్కువైతే నాలుక అంగిటికి అంటుకుని మాట పెగలదు. అంత దప్పికలో ఆయన నోరు విప్పింది, నాకు దాహంగా ఉంది అని చెప్పడానికి. ఆ దాహం ఎందుకో ఆయన మనకు వివరించలేదు. అక్కడున్నవాళ్లు కూడా అడగలేదు, చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచిన స్పంజీ అందించారు. నేను ఐదేళ్ల నుంచి నా భర్తను అడగడానికి సిగ్గుపడుతున్నాను. దేవుడే అడిగాడు కాబట్టి ఇవాళ్టి నుంచి నేనూ అడుగుతాను.

అంతే, కూర్చుంది. కూర్చునే ఉంది కనుక, ఆగింది అనాలి. ఆ మాటకు ఆమెన్ చెప్పాలో లేదో తెలియక గుడి కాసేపు గమ్మున ఉండిపోయింది. నేను పెరటి కుళాయి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. చప్పుడు కాకుండా తిప్పుతున్నాననే ఇన్నాళ్లూ అనుకున్నాను.

నా విశ్వాసంలో ఇంకా నిలబడి ఉన్నది ఆ నాలుగు నిమిషాలే. తన బాధకు కారణం ఆమెకు దొరకలేదు, దొరికిందని ఆమె చెప్పనూ లేదు. ఆ బాధ లోపల తనకన్నా ముందు ఒకరు ఉండి వెళ్లారని తెలుసుకుంది. బైబిలులో ఏ తప్పూ చేయకుండానే బిడ్డలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబుకు కూడా అంతకు మించి దక్కలేదు. అతడి గ్రంథంలోని నలభై రెండు అధ్యాయాల్లో మొదటి రెండింటి సంగతి, అంటే పరలోకంలో దేవుడికీ సాతానుకూ జరిగిన ఆ పందెం లాంటి సంభాషణ, దేవుడు అతడికి ఎక్కడా చెప్పడు. స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతడి పక్కన నోరు మెదపకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు మొదలుపెట్టాకే చెడ్డారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది, తన తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించిన ఆ ముగ్గురి మీదే. ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజు ప్రసంగాలు తీసి చదవండి, మన ఆదరణ కూడికల్లో ఒక్క అక్షరం మార్చకుండా చదవవచ్చు. అంత బాగుంటాయి.

ఇది నాకు చాలిందా అంటే, కొన్ని రోజులు చాలుతుంది. మేలో చాలదు.

పోయిన నెల పెండ్లిమర్రి వైపు ఊరి నుంచి ఒకావిడ నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నా దగ్గర చదివిన పిల్లవాడి తల్లి. వాడికి ఇరవై ఆరేళ్లు, రెండు కిడ్నీలూ పోయాయన్నారట, త్వరలో డయాలసిస్ మొదలుపెట్టాలట. గుమ్మంలోనే నిలబడి, మా వాడు ఎవరికి ఏం అన్యాయం చేశాడు సార్, దేవుడు మాకే ఎందుకు పెట్టాడు అని అడిగింది. లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. ఆవిడ ఏడుపు తగ్గేదాకా ఆగి, పిల్లవాడు ఏ చేత్తో రాస్తాడని అడిగాను. కుడి చేత్తో అంది. అయితే ఎడమ చేతికి సూది పొడవనివ్వవద్దు, రక్తం తీయనివ్వవద్దు, బీపీ కూడా ఆ చేతికి చూడనివ్వవద్దు, ఫిస్టులా పెట్టేది ఆ చేతికే కావచ్చు, రక్తనాళాలు చెడిపోకూడదు, ఇది డాక్టరుకు కూడా గుర్తుచేయమని చెప్పాను. కాగితం అడిగింది. పాత క్యాలెండరు చింపి ఇచ్చాను. వెనక్కు తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, ఎడమ చేయి అని పెద్ద అక్షరాలతో రాసుకుని కింద గీత గీసింది.